పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కొత్త త్రీఫేజ్ మీటరు రీడింగు సరిచూసుకోవడం

ప్రశ్న: మా ఊళ్లో నాకు పిండి గిర్ని ఉంది. 10 హెచ్‌పీ మోటారు, రోజుకు దాదాపు మూడు గంటలు ఆడుతుంది. చక్రం తిరిగే పాత మీటరును తీసేసి ఈమధ్య కొత్త ఎలక్ట్రానిక్ త్రీఫేజ్ మీటరు బిగించారు. పాత మీటరులో నెలకు 600 యూనిట్లకు కాస్త అటూ ఇటూగా వచ్చేది. కొత్తది పెట్టిన రోజున తెర మీద చూసి ఒక అంకె రాసుకున్నాను, నెల గడిచాక మళ్లీ చూశాను. తేడా 768 వచ్చింది. గిరాకీ ఏమీ పెరగలేదు. గోధుమలు పడుతున్నప్పుడు మూడు ఫేజులకు 238, 241, 236 వోల్టులు, 11.8, 12.1, 11.6 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టరు 0.78 అని తెర మీద కనిపిస్తున్నాయి. బిల్లు ఇంకా రాలేదు. మీటరు స్పీడుగా తిరుగుతోందా? నా అంతట నేను తెలుసుకునే మార్గం ఉందా?
– గిర్ని యజమాని, నకిరేకల్ మండలం

జవాబు: మీటరును అనుమానించే ముందు మీరు రాసుకున్న 768 ఏ కొలతకు చెందిన అంకెనో తేల్చుకోవాలి. మీరు పంపిన మిగతా వివరాలను బట్టి చూస్తే, అది మీరు అనుకుంటున్న యూనిట్ల లెక్క కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

పాత మీటరులో కనిపించేది ఒకే వరస అంకెలు కాబట్టి పొరపడే వీలు లేదు. కొత్త మీటరు తెర కొన్ని సెకన్లకొకసారి తనంతట తానే మారుతూ తేదీ, సమయం, ఒక్కొక్క ఫేజు వోల్టేజి, కరెంటు, పవర్ ఫ్యాక్టరు, గరిష్ఠ డిమాండు వంటివి ఒకదాని తర్వాత ఒకటి చూపుతుంది. వాటి మధ్యలోనే కేడబ్ల్యూహెచ్ ఒకసారి, కేవీఏహెచ్ మరొకసారి వస్తాయి. రెండూ చూడడానికి ఒకేలా ఉండే పెద్ద అంకెలు. ఏది ఏదో చెప్పేది తెర అంచున ఉండే చిన్న ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే. కేడబ్ల్యూహెచ్ అంటే మోటారు నిజంగా వాడుకున్న విద్యుత్తు, మనం యూనిట్లు అని పిలిచేది. కేవీఏహెచ్ అంటే వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చేదాన్ని కాలంతో లెక్కగట్టిన మొత్తం. పవర్ ఫ్యాక్టరు అంటే ఈ రెండింటిలో మొదటిది రెండోదానిలో ఎంత భాగమో చెప్పే అంకె; అది 1 ఉంటే రెండూ సమానం, తగ్గినకొద్దీ కేవీఏహెచ్ అంకె ముందుకు పోతుంది.

ఇప్పుడు మీ అంకెలనే తీసుకుందాం. ఒక్కొక్క ఫేజులో వోల్టేజిని కరెంటుతో గుణించి మూడింటినీ కూడితే 8,462 వస్తుంది, అంటే 8.46 కేవీఏ. దాన్ని 0.78తో గుణిస్తే 6.6 కిలోవాట్లు. రోజుకు మూడు గంటల చొప్పున నెలకు 90 గంటలు అనుకుంటే, 6.6 కిలోవాట్ల లెక్కన 594 యూనిట్లు కావాలి. అది మీ పాత మీటరు చూపిన 600కు దగ్గరగానే ఉంది. అదే 8.46 కేవీఏ లెక్కన 90 గంటలకు 761 వస్తుంది. అది మీరు రాసుకున్న 768కి దగ్గరగా ఉంది. 600ను 0.78తో భాగించినా సుమారు 769 వస్తుంది. ఇన్ని లెక్కలు ఒకే చోటికి చేరుతున్నాయంటే, మీరు రెండుసార్లూ చూసి రాసుకున్నది కేవీఏహెచ్ అంకె అనే అనుకోవాలి. మీటరు మీద ఉన్న బటన్ నొక్కుతూ పోతే తెరలు ఒక్కొక్కటిగా ముందుకు కదులుతాయి. కేడబ్ల్యూహెచ్ అని స్పష్టంగా ఉన్న చోట ఆగి, ఆ అంకెను తేదీ, సమయంతో సహా రాసుకోండి. పుస్తకంలో రెండు కొలతలకూ విడివిడిగా వరసలు పెట్టుకుంటే ఇకముందు ఈ గందరగోళం ఉండదు.

దశాంశ బిందువును కూడా గమనించండి. చాలా మీటర్లలో చివరి అంకె యూనిట్‌లో పదో వంతు. బిందువు కనబడక దాన్ని కూడా పూర్తి యూనిట్లుగా చదివితే వాడకం పది రెట్లు కనిపిస్తుంది.

ఇంత లెక్క కుదిరినా మీటరును స్వయంగా పరీక్షించుకోవడం మంచిదే, అందుకు గిర్నికన్నా అనువైన చోటు లేదు. ఎడతెగకుండా ఒకే తీరుగా ధాన్యం పడే రోజున, పని మొదలుపెట్టేటప్పుడు కేడబ్ల్యూహెచ్ రీడింగు రాసుకోండి. గంటన్నర సేపు మోటారును ఆపకుండా నడిపి, పావుగంటకొకసారి మూడు ఫేజుల వోల్టేజి, కరెంటు, పవర్ ఫ్యాక్టరు రాసుకుని, చివర మళ్లీ రీడింగు తీసుకోండి. 6.6 కిలోవాట్ల చొప్పున గంటన్నరకు 9.9 యూనిట్లు నడవాలి. గంటన్నర ఎందుకంటే, తెర మీద కనిపించే అతి చిన్న మార్పు 0.1 యూనిట్ అయినప్పుడు, పది యూనిట్ల మేర నడిపితేనే ఆ చిన్న తేడా ఒక శాతానికి దిగుతుంది. పది నిమిషాలు చూసి తేల్చిన లెక్కలో ఆ 0.1 తేడాయే దాదాపు పదో వంతు అవుతుంది. గింజ లేకుండా ఒట్టిగా తిరిగే మోటారుతో ఈ పరీక్ష చేయవద్దు, ఎందుకంటే అప్పుడు పవర్ ఫ్యాక్టరు బాగా పడిపోయి అంకెలు నిలకడగా ఉండవు.

అయితే ఈ లెక్కలో వోల్టేజి, కరెంటు కూడా మీటరు చెప్పినవే కదా అని మీకు అనిపించవచ్చు. అది సరైన సందేహమే. అందుకని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మీటరు తర్వాత మీ మెయిన్ స్విచ్ నుంచి బయటికి వచ్చే మూడు వైర్లకు విడివిడిగా టాంగ్ టెస్టర్ (వైరును కోయకుండా చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే పరికరం) తగిలించి కరెంటు చూడమనండి. మీటరు 11.8 అన్నచోట టాంగ్ టెస్టర్ 11.6 అన్నా 12 అన్నా కంగారు పడనవసరం లేదు, ఆ పరికరానికీ దాని సొంత తేడా ఉంటుంది. ఏ ఫేజులోనైనా టాంగ్ టెస్టర్ 12 చూపుతుండగా మీటరు 4 అనో సున్నా అనో చూపిస్తే మాత్రం అది కచ్చితంగా లోపమే. పరీక్ష అంతా మీ స్విచ్ వైపే జరగాలి. మీటరు టెర్మినల్ కవరును, సీలును ముట్టుకోకూడదు; మీటరు జోలికి పోవడం విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 138 కింద నేరం అవుతుంది, పైగా ప్రాణానికే ప్రమాదం.

కొత్త మీటరు వచ్చాక నిజమైన యూనిట్లే పెరిగిన వారి సంగతి వేరు. చక్రం మీటర్లు వయసు మీద పడినకొద్దీ బేరింగుల రాపిడి వల్ల నెమ్మదిస్తాయి, గిర్నుల్లో పిండి దుమ్ము చేరితే ఇంకా ఎక్కువగా నెమ్మదిస్తాయి. చిన్న బల్బు వంటి తక్కువ లోడుకు వాటి చక్రం కదలకపోవచ్చు, ఎలక్ట్రానిక్ మీటరు దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఈ కారణాలతో కొన్ని శాతాలు పెరగడం సహజం. పెరుగుదల సరిగ్గా ఒకటిన్నర రెట్లు ఉంటే, పాత మీటరులో ఒక ఫేజు నమోదు కాకుండా పోయిందేమో చూడాలి: మూడింట రెండు వంతులు మాత్రమే నమోదవుతున్న చోట మొత్తం నమోదు కావడం మొదలైతే అంకె ఒకటిన్నర రెట్లు అవుతుంది.

ఇక బిల్లు విషయం. మీ కేటగిరీకి, మీ లోడుకు బిల్లు కేడబ్ల్యూహెచ్ మీద వేస్తారా, కేవీఏహెచ్ మీద వేస్తారా అన్నది తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ ఉత్తర్వును బట్టి ఉంటుంది. బిల్లు చేతికి రాగానే మొదట అదే చూడండి. కేవీఏహెచ్ మీద అయితే 0.78 పవర్ ఫ్యాక్టరుతో గిర్ని నడపడం మీకు నష్టం. మీ 6.6 కిలోవాట్లకు పవర్ ఫ్యాక్టరును 0.78 నుంచి 0.95కు తేవాలంటే సుమారు 3 కేవీఏఆర్ (కెపాసిటర్ సామర్థ్యాన్ని చెప్పే కొలత) కెపాసిటర్ సరిపోతుంది. అది మోటారుతోపాటే ఆన్, మోటారుతోపాటే ఆఫ్ అయ్యేటట్టు స్టార్టరుకు కలపాలి. పాత గిర్నుల్లో కెపాసిటర్ పెట్టె గోడకు ఉంటుంది గానీ చాలాచోట్ల లోపల అది ఎప్పుడో ఉబ్బి పనికిరాకుండా పోయి ఉంటుంది. మీ దగ్గర ఉంటే ముందు దాన్ని పరీక్ష చేయించండి.

మీటరు మార్చిన రోజున రాసిన కాగితం నకలు మీ దగ్గర ఉండాలి. అందులో పాత మీటరు ఆఖరి రీడింగు, కొత్త మీటరు నంబరు, దాని మొదటి రీడింగు ఉంటాయి. కొత్త మీటరు సున్నా నుంచే మొదలవుతుందని అనుకోకూడదు, పరీక్షల్లో నడిచిన కొద్ది యూనిట్లు అందులో ముందే ఉండవచ్చు. ఆ కాగితం మీకు ఇవ్వకపోతే ఇప్పుడైనా అడిగి తీసుకోండి. మొదటి బిల్లులో ‘గత రీడింగు’ అన్నచోట ఉండవలసింది ఆ అంకే.

ప్రశ్న: మాది చిన్న రైసు మిల్లు. 50 హెచ్‌పీ లోడు. కొత్తగా సీటీలతో (పెద్ద కరెంటును మీటరు కొలవగలిగేంతగా తగ్గించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లతో) పనిచేసే త్రీఫేజ్ మీటరు పెట్టారు. సీటీ మీద 100/5 అని, మీటరు మీద –/5 ఆంపియర్లు అని ఉంది. నెల రోజుల్లో కేడబ్ల్యూహెచ్ అంకె 120 మాత్రమే కదిలింది. మిల్లు రోజూ ఎనిమిది గంటలు ఆడింది, సగటున 30 కిలోవాట్లు పడుతుందని మా మెకానిక్ అంచనా. ‘తక్కువ వస్తే మీకే మేలు కదా, ఊరుకోండి’ అని తెలిసినవారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– మిల్లు యజమాని, మిర్యాలగూడ ప్రాంతం

జవాబు: ఊరుకోవద్దు. ఈ రోజే రాతపూర్వకంగా తెలియజేయండి. ఎందుకో వివరంగా చెబుతాను.

సీటీ మీటరులో తెర మీద కనిపించే తేడాను గుణకంతో హెచ్చించాలి, బిల్లులో దాన్నే ఎంఎఫ్ అంటారు. మీటరు 5 ఆంపియర్లకు తయారైనదై, సీటీ 100/5 అయితే గుణకం 20. ఒకవేళ మీటరు మీదే 100/5 అని ఉంటే, లోపలే ఆ లెక్క కట్టి ఉంటుంది కాబట్టి గుణకం 1 అవుతుంది. మీ విషయంలో 120ని 20తో హెచ్చిస్తే 2,400 యూనిట్లు. మీ మెకానిక్ అంచనా సరైనదైతే 30 కిలోవాట్లు, ఎనిమిది గంటలు, 30 రోజులకు 7,200 యూనిట్లు రావాలి. వచ్చింది సరిగ్గా మూడో వంతు.

మూడో వంతు అనేది గాలివాటంగా వచ్చే అంకె కాదు. మూడు ఫేజుల్లో ఒక సీటీ తలకిందులుగా బిగిస్తే, ఆ ఫేజు విద్యుత్తు కూడవలసింది పోయి తీసివేత అవుతుంది: ఒకటి, ఒకటి కలిపి రెండు, అందులోంచి ఒకటి పోతే మిగిలేది ఒకటి. మూడు నమోదు కావలసిన చోట ఒకటే నమోదవుతుంది. ఒక సీటీ వైరు ఊడిపోయినా, ఒక ఫేజు వోల్టేజి మీటరుకు అందకపోయినా మూడింట రెండు వంతులు వస్తుంది. ఒక ఫేజు సీటీ వైర్లు ఇంకో ఫేజు దగ్గర, దాని వైర్లు దీని దగ్గర పడితే, మూడు ఫేజులూ సమంగా ఉన్న లోడుకు మీటరు దాదాపు కదలదు. లోపం ఏదో అంకె దానంతట అదే పట్టిస్తుంది కాబట్టే, లోడు తెలిసిన వ్యక్తి ఒక నెల లెక్క పెట్టి చూడాలని చెబుతుంటాను. బటన్ నొక్కి ఫేజుల వారీగా చూడండి: ఒక కరెంటు ముందు మైనస్ గుర్తు ఉన్నా, సీటీ తిరగబడినట్టు సూచన కనిపించినా అనుమానం రూఢి అయినట్టే. కొన్ని మీటర్లు తిరగబడిన ఫేజును కూడా ముందుకే లెక్కిస్తాయి కాబట్టి, గుర్తు కనబడకపోతే బిగింపు సరిగ్గా ఉందని మాత్రం అనుకోవద్దు.

తక్కువ బిల్లు మేలు కాదు. ఆ లోపం ఏదో ఒక రోజు బయటపడుతుంది, తేడా మొత్తం ఒక్కసారిగా కట్టమంటారు. హర్యానాలో ప్రేమ్ కాటెక్స్ అనే నూలు మిల్లుకు గుణకం 10 ఉండవలసిన చోట 5గా లెక్కవేసి ఏళ్ల తరబడి బిల్లులు ఇచ్చారు. తర్వాత కోటి రూపాయలకు పైబడిన తేడా అడిగారు. ఆ కేసులో 2021లో సుప్రీంకోర్టు, పొరపాటున తక్కువ వేసిన బిల్లు తాలూకు తేడాను తర్వాత అడగడం సేవాలోపం కాదని తీర్పు చెప్పింది. ఇందులో తప్పు మిల్లు వారిది కాకపోయినా, డబ్బు భారం మిల్లు మీదే పడింది. మీరు ముందే రాసి ఇచ్చి, దరఖాస్తు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకుని ఉంచుకుంటే, తేడా ఒక్క నెలకే పరిమితమవుతుంది. మీటరుతో మీరేదో చేశారనే మాట మీ దగ్గరికి రాదు. ఎంఆర్‌టీ (మీటర్లను పరీక్షించే) విభాగం వారు వచ్చి సీటీలు సరిచేసినప్పుడు అక్కడే ఉండి, సరిచేయకముందు, సరిచేశాక ఉన్న రీడింగులు రెండూ రాయించుకోండి.

ప్రశ్న: మా ఇంట్లో బోరు మోటారు, ఏసీల కోసం త్రీఫేజ్ కనెక్షన్ తీసుకున్నాం. మీటరు మీద ఒక ఇంపల్స్‌కు ఒకసారి ఎర్ర దీపం మెరుస్తుందని, 800 ఇంపల్స్‌కు ఒక యూనిట్ అని రాసి ఉంది. మిగతావన్నీ ఆపి 1000 వాట్ల వాటర్ హీటరు ఒక్కటే పెట్టి చూశాం. 20 మెరుపులకు 90 సెకన్లు పట్టాలి, కానీ 83 సెకన్లే పట్టింది. అంటే మీటరు ఎక్కువ చూపిస్తున్నట్టే కదా? రాత్రి అన్నీ ఆపినా అప్పుడప్పుడు దీపం మెరుస్తోంది, అది ఎందుకు?
– గృహిణి, నాగర్‌కర్నూల్

జవాబు: మీ పరీక్ష చాలా చక్కగా ఉంది, లెక్కలో ఒక్కటే విడిచిపెట్టారు. హీటరు మీద రాసిన 1000 వాట్లు 230 వోల్టుల దగ్గర మాత్రమే. పరీక్ష చేసినప్పుడు మీటరు తెర మీద ఆ ఫేజు వోల్టేజి ఎంతుందో చూశారా? 240 ఉంటే ఆ హీటరే 1,089 వాట్లు తీసుకుంటుంది, ఎందుకంటే హీటరు తీసుకునే విద్యుత్తు వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1,089 వాట్లకు 20 మెరుపులు పూర్తికావడానికి దాదాపు 83 సెకన్లే పడుతుంది. అలాగైతే మీటరు సరిగ్గానే లెక్కిస్తున్నట్టు. పైగా హీటర్ల తయారీలోనే కొన్ని శాతాల తేడా ఉంటుంది కాబట్టి, ఇంటి పరీక్షతో రెండు మూడు శాతాల తప్పును ఎవరూ నిరూపించలేరు. 650 వోల్టుల వరకు ఉన్న వినియోగదారుల మీటరు 1.0 (అంటే దాదాపు ఒక శాతం తేడా) లేదా అంతకన్నా మెరుగైన కచ్చితత్వ తరగతికి చెందాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006 నిబంధనలు చెబుతున్నాయి. అంత సన్నని తేడాను తేల్చడానికి రిఫరెన్స్ మీటరు (పోల్చి చూడడానికి వాడే మరింత కచ్చితమైన మీటరు) కావలసిందే.

ఈ పరీక్ష అసలు బలం వేరేచోట ఉంది. అదే హీటరును మొదట ఒక ఫేజు మీద ఉన్న గదిలో, తర్వాత రెండో ఫేజు, ఆపైన మూడో ఫేజు మీద ఉన్న గదుల్లో పెట్టి చూడండి. మూడుసార్లూ 20 మెరుపులకు పట్టే కాలం దాదాపు ఒకటే ఉంటే మూడు ఫేజులూ సమంగా నమోదవుతున్నాయి. ఒక గదిలో పెట్టినప్పుడు దీపం మెరవకపోతే, ఆ ఫేజు లెక్కలోకి రావడం లేదు, వెంటనే తెలియజేయాలి.

రాత్రి మెరుపు విషయానికి వస్తే, స్విచ్‌లు ఆపడం, మెయిన్ ఆపడం ఒకటి కాదు. టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఇన్వర్టరు, బోరు స్టార్టరు ప్యానెల్ ఇవన్నీ స్విచ్ వేసి ఉన్నంతకాలం కొద్దిగా తీసుకుంటూనే ఉంటాయి. మెయిన్ స్విచ్ ఆపి అరగంట చూడండి. అప్పుడు మెరుపు ఆగితే ఆ వాడకం మీ ఇంట్లోదే. ఆగకపోతే మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఏదైనా వైరు వేరేచోటికి పోతోందేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. అదీ లేదంటే మీటరు పరీక్షకు రాయండి. ఆర్, వై, బీ అని ఉండే మూడు దీపాలు మాత్రం సరఫరా ఉందని చెప్పేవి, అవి వెలుగుతూనే ఉండాలి.

ప్రశ్న: మా కొత్త మీటరు రీడింగు మా వాడకానికి సరిపోవడం లేదని రెండుసార్లు నోటిమాటగా చెప్పాము. ‘కొత్త మీటరు తప్పు చూపదు’ అని పంపించేశారు. ఇంకెవరికి చెప్పాలి?
– దుకాణదారు, జడ్చర్ల

జవాబు: నోటిమాటకు రికార్డు ఉండదు. సర్వీసు నంబరు, యూఎస్‌సీ నంబరు (బిల్లు మీద ఉండే మీ కనెక్షన్ ప్రత్యేక సంఖ్య), మీటరు నంబరు, తేదీల వారీగా మీరు తీసుకున్న రీడింగులు, మీ లోడు లెక్క రాసి సెక్షన్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి, లేదా 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తెర ఫోటోలు తీసేటప్పుడు కేడబ్ల్యూహెచ్ అనే అక్షరాలు కూడా పడేట్టు చూడండి. రీడింగు వాడకానికి తగ్గట్టు లేదని వినియోగదారుడు ఫిర్యాదు చేస్తే, ఐదు రోజుల్లోగా అదనపు మీటరు పెట్టి కనీసం మూడు నెలలపాటు రెండింటినీ పోల్చి చూడాలని విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు, 2020కి 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ చెబుతోంది. దరఖాస్తులో ఈ సవరణను పేర్కొని, అదనపు మీటరు పెట్టమని స్పష్టంగా కోరండి. ఆ మూడు నెలలూ రెండు మీటర్ల రీడింగులను ఒకే రోజు, ఒకే సమయానికి మీరూ రాసుకోండి.

అప్పటికీ స్పందన లేకపోతే విద్యుత్ చట్టం సెక్షన్ 42(5) కింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లవచ్చు, అక్కడి నిర్ణయం నచ్చకపోతే 42(6) కింద విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు చోట్లా మొదట అడిగేది మీ రసీదు, మీ రీడింగుల పట్టిక.